ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు

అప్పలసూరి బాక్సింగ్ రిఫరీ అయి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఆయన నూట ఎనభై ఏడు మంది విజేతల చేతులు పైకెత్తాడు. ఒక్క దెబ్బ కూడా కళ్ళతో చూడలేదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. బాక్సింగ్‌లో బరువును బట్టి తరగతులుంటాయి. నలభై ఎనిమిది కిలోల పిల్లను డెబ్భై కిలోల పిల్ల కొట్టడం అన్యాయమని పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఆడపిల్లలకు పది, మగపిల్లలకు పది, వెరసి ఇరవై తరగతులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెంటికీ కలిపి రాజాంలో వెలసిన ఉభయ జిల్లాల బాక్సింగ్ సంఘంలో ఏ ఏడు చూసినా బాక్సర్లు పదిహేడు మందే. ఇరవై ఇళ్ళున్న వీధిలో పదిహేడు కుటుంబాలు కాపురం పెడితే ఎవరి గుమ్మం వాళ్ళదే కదా. ఏటా పోటీలకు నెల ముందు తల్లిదండ్రులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, ఎవరి పిల్ల ఏ తరగతిలో ఉందో వాకబు చేసుకునేవారు. పొరపాటున ఇద్దరు ఒకే తరగతిలో పడితే, ఒకరికి వారం రోజులు గడ్డపెరుగు పోసి పై తరగతికి ఎక్కించేవారు. లేదంటే రెండు పూటలు పస్తుంచి కిందికి దించేవారు. పోటీనాటికి పదిహేడు మందికీ పదిహేడు తరగతులు, పదిహేడు బంగారు పతకాలు.

పోటీ అంటే ఇంతే. ఒక పిల్ల గ్లౌజులు తొడుక్కుని రింగులోకి వస్తుంది. ఎదుటి మూల ఖాళీగా ఉంటుంది. అప్పలసూరి తెల్లచొక్కా, నల్ల బో టై కట్టుకుని, ఆ ఖాళీ మూలకేసి ఒకసారి చూసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పైకెత్తుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత పులిహోర.

ఆయన అసలు ఉద్యోగం పాలకొండ రోడ్డులో లారీలు తూచే వేబ్రిడ్జి మీద. ధాన్యం లారీ ఎక్కించి, తూకం చూసి, చీటీ ఇస్తాడు. బాక్సింగ్ ఆయన ప్రాణం. కిందపడ్డ మనిషి మీద వంగి, వేళ్ళు చూపిస్తూ పది వరకూ లెక్కపెట్టాలని ఆయన కోరిక. ఆ అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు గనక ఇంట్లో దిండును నేలమీద పడేసి, దాని మీద వంగి, ‘‘వన్... టూ...’’ అని సాధన చేసేవాడు.

‘‘అది లెగదు. దానికి లెగాలనే ఆశ నేదు. ఒగ్గీసి అన్నానికి రా,’’ అనేది ఆయన భార్య దాలమ్మ.

అలా రోజులు గడుస్తుండగా మే నెలలో రాష్ట్ర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ‘‘మీ సంఘం పంపిన పదకొండేళ్ళ నివేదికల్లో బంగారు పతకాలే తప్ప వెండి గానీ కంచు గానీ కనబడలేదు. మీ ప్రాంత అవసరాలను బట్టి బరువు తరగతులను పునర్వ్యవస్థీకరించుకోండి. ఈ నెలాఖరులోగా ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు తలపడిన పోటీ ఒక్కటైనా జరిపి వీడియో పంపండి. లేనిచో మీ సంఘం గుర్తింపు రద్దవుతుంది.’’

అప్పలసూరి ఆ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాడు. ఇన్నాళ్ళకు దేవుడు తెల్లకాగితం మీద కనబడ్డాడనుకున్నాడు.

తరగతుల సంగతి తేల్చడానికి ఆదివారం ఉదయం సంఘం కార్యదర్శి ధనరాజు ధాన్యం గోదాములో సమావేశం పెట్టారు. సంఘానికి ఉన్న రింగు కూడా ఆ గోదాములోనే, బస్తాల పక్కన ఉంటుంది. ధనరాజు రాజాంలో పేరున్న ధాన్యం వర్తకుడు. ఆయన కూతురు రాణి నలభై ఎనిమిది కిలోల తరగతిలో ఆరేళ్ళుగా విజేత. బాక్సర్లు, తల్లిదండ్రులు, సంఘం సభ్యులు అంతా కలిసి నలభై మూడు మంది వచ్చారు. భావనపాడు నుంచి రెండు బస్సులు మారి నూకయ్య కూడా వచ్చాడు. ఆయన సముద్రం మీద వేట చేసే మనిషి. వేట నిషేధం రోజులు గనక తీరిక దొరికింది. ఆయన కూతురు యమున యాభై ఒక్క కిలోల తరగతిలో అయిదేళ్ళుగా విజేత.

ముందుగా అప్పలసూరి లేచి తన ప్రతిపాదన చెప్పాడు. ‘‘ఇరవై తరగతులు మనకెందుకండీ? ఆడపిల్లలకి నాలుగు, మగపిల్లలకి నాలుగు సేద్దాం. దగ్గిర దగ్గిర బరువులోళ్ళు ఒక సోటికి వస్తారు. ఆట జరుగుతాది.’’

గోదాములో కలకలం రేగింది. తరగతులు కలిపితే కొందరు ఓడిపోతారు కదా అని ఒకాయన అడిగాడు. ఓడిపోతారు అన్నాడు అప్పలసూరి. పదకొండేళ్ళుగా ఈ సంఘంలో ఎవరూ ఓడిపోలేదని, కొత్తగా ఇప్పుడీ అలవాటు ఎందుకని ఆ అడిగినాయన కూర్చున్నాడు. చాలామంది తలలూపారు.

అప్పుడు సంఘం అధ్యక్షుడు జగన్నాధం గారు లేచారు. ఆయన లెక్కల లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. చంకలో పెద్ద చార్టు ఉంది. ‘‘అప్పలసూరి గారు సమస్యను తలకిందులుగా చూస్తున్నారు. తరగతులు తగ్గించడం కాదు, పెంచాలి. మనిషి బరువు స్థిరంగా ఉండదు. టిఫిన్‌కి ముందు ఒక బరువు, తర్వాత ఒక బరువు. కిలోకొక తరగతి చొప్పున, టిఫిన్ అంశాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని, ముప్పై ఏడు తరగతులు లెక్కగట్టాను. ఇందులో ఏ ఇద్దరూ కలుసుకునే ప్రమాదం లేదు. పైగా ఇకముందు పుట్టబోయే బాక్సర్ల కోసం కొన్ని ఖాళీగా కూడా ఉంటాయి.’’

చప్పట్లు మోగాయి.

నూకయ్య తువ్వాలు దులుపుకుని నిలబడ్డాడు. ‘‘నాకొక మాట సెప్పండి. సముద్రంలో పెద్దసేప సిన్నసేపని మింగినప్పుడు మజ్జిలో ఎవుడైనా కాటా అట్టుకుని నిలబడతన్నాడేటి? తరగతులన్నీ ఎత్తీయండి. కొట్టగలిగినోడు కొడతాడు.’’

అప్పలసూరి ప్రాణం లేచొచ్చింది. ‘‘అయితే మీ యమునా, సెక్రటరీ గారి రాణీ ఆడొచ్చు కదండీ! మూడు కిలోల లోపే తేడా.’’

నూకయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ‘‘నాను సేపల సంగతి సెప్తన్నాను సూరీ. మా గుంట సంగతి కాదు.’’ అని కూర్చున్నాడు. ధనరాజు కూడా మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ‘‘మా రాణి ఊసు ఎత్తకండి. దానికి ఓడిపోడం అలవాటు నేదు,’’ అన్నాడు.

రాణీ, యమునా వెనక బస్తాల మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ముప్పై ఏడు తరగతుల తీర్మానం పాసైంది. ఇక మిగిలింది వీడియో. దానికీ జగన్నాధం గారే మార్గం చెప్పారు. ‘‘ఈ గోదాములో ఉన్న ప్రతి మనిషినీ తూచుదాం. మగవాళ్ళలో గానీ ఆడవాళ్ళలో గానీ వంద గ్రాములు కూడా తేడా లేకుండా సరిసమానంగా తూగిన ఇద్దరే పోటీ చెయ్యాలని తీర్మానం రాద్దాం. అలా ఇద్దరు దొరకడం గణితరీత్యా దాదాపు అసాధ్యం. అప్పుడు, చిత్తశుద్ధితో ప్రయత్నించాం, తగిన జోడీ దొరకలేదు అని ఉత్తరం రాసేద్దాం. గుర్తింపు నిలుస్తుంది. ఎవరికీ దెబ్బ తగలదు.’’

అందరూ సంతోషించారు. అప్పలసూరి ఒక్కడే నీరసంగా లేచి, బస్తాలు తూచే కాటాను నడిమధ్యకు లాగాడు. పని అప్పగించాక ఆ మనిషి చెయ్యి తప్పు చెయ్యదు. కాటా కింద రాయి పెట్టి మట్టం చూసుకుని, సున్నా వచ్చాక ఒక్కొక్కర్నీ ఎక్కించాడు.

ముందు ధనరాజు ఎక్కాడు. ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. తర్వాత వరసగా ముప్పై తొమ్మిది మంది ఎక్కి దిగారు. ఎవరికీ ఎవరితోనూ సరిపోలేదు. జగన్నాధం గారు గర్వంగా చిరునవ్వు నవ్వుతున్నారు. నలభై ఒకటో మనిషిగా నూకయ్య ఎక్కాడు. కాటా మీద ఎర్ర అంకెలు కాసేపు ఊగి, నిలిచాయి.

ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.

అప్పలసూరి ముఖం మార్చకుండా ఆ అంకెలు పైకి చదివాడు.

‘‘ఒక్క నిమిషం!’’ అన్నాడు నూకయ్య. ‘‘తువ్వాలు తియ్యనేదు.’’ తువ్వాలు, జేబులో ఫోను తీసి పక్కన పెట్టాడు. ఎనభై రెండు రెండొందలు.

కానీ ధనరాజు కూడా ఆ పాటికే ఈ గండం తప్పించుకునేందుకు చేతి గడియారం, ఉంగరాలు, గోదాము తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎక్కాడు. ఎనభై రెండు రెండొందలు.

నూకయ్య దిగి, లీటరు సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగాడు. బరువు పెరిగితే తప్పించుకోవచ్చు. ఆ సంగతి తెలియని ధనరాజు గోదాము వెనక్కి వెళ్ళి, మధ్యాహ్నానికని తెచ్చిన పులిహోర రెండు ప్లేట్లు గబగబా మింగి, పైన మిగిలిన మజ్జిగ తాగి వచ్చాడు. మళ్ళీ ఇద్దరూ ఎక్కారు. ఎనభై మూడు కిలోల రెండొందలు. ఇద్దరూ.

ధనరాజు అప్పలసూరి పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. ‘‘సూరీ, కాటా మీద సెయ్యి నీదే కదా. వంద గ్రాములు ఇటో అటో నొక్కీ.’’

‘‘బాబూ, మీ లారీలు నా కాటా ఎక్కినాయి. మీకు పడనోళ్ళ లారీలూ ఎక్కినాయి. ఒక్కనాడు ఏలు పెట్టనేదు. ఇయ్యాల పెడితే రేపట్నుంచి నా మొకం నానే సూసుకోలేను.’’

ధనరాజు వెనక్కి తగ్గాడు. ఆ మనిషి తూకం మీద నమ్మకంతోనే ఆయన ఇన్నాళ్ళు వ్యాపారం చేశాడు.

జగన్నాధం గారు తీర్మానం మరోసారి చదివారు. అందులో వయసు గురించి ఒక్క ముక్క లేదు. ధనరాజుకి యాభై నాలుగు, నూకయ్యకి యాభై రెండు. ఒక బాక్సరు తల్లి తాయారు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ బ్యాగులోంచి యంత్రం తీసి ఇద్దరికీ బీపీ చూసింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది. ‘‘కొట్టుకోవచ్చు. కానీ మెల్లిగా,’’ అని రాసి సంతకం పెట్టింది.

భోజనాలు అరిగే దాకా ఆగి, నాలుగింటికి పోటీ పెట్టారు. ధనరాజు ఎర్ర మూల, నూకయ్య నీలం మూల. లుంగీల మీదే దిగుతామన్నారు. అప్పలసూరి ఒప్పుకోలేదు. చివరికి పెద్దసైజు నిక్కర్లు ఎక్కడివో పట్టుకొచ్చారు. తలకి రక్షణ టోపీలు, పళ్ళ మధ్య రబ్బరు తొడుగులు పెట్టారు. ఎర్ర మూలలో రాణి, నీలం మూలలో యమున నీళ్ళ సీసాలతో నిలబడ్డారు. జగన్నాధం గారు ఫోను పట్టుకుని వీడియో మొదలుపెట్టారు. రౌండు మూడు నిమిషాలు, మొత్తం మూడు రౌండ్లు. అయిదుగురు తల్లిదండ్రుల్ని న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టారు.

అప్పలసూరి బో టై సరిచేసుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి రెండు మూలల్లోనూ మనుషులున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ‘‘బాక్స్!’’ అని అరిచాడు.

ఇద్దరూ నడిమధ్యకు వచ్చి నిలబడ్డారు.

‘‘కానీండి బాబూ,’’ అన్నాడు నూకయ్య, రబ్బరు తొడుగు బుగ్గలోకి తోసుకుని.

‘‘అబ్బే, నువ్వు కానీ నూకయ్యా. దూరంనించి వొచ్చినావు.’’

‘‘మీరు సెక్రటరీ గారు. మీ ముందు నాను సెయ్యెత్తితే బాగుంటాదేటి?’’

‘‘పరవాలేదు, ఎత్తు. నేనేటీ అనుకోను.’’

‘‘మీరు ముందు మొదలెట్టండి, నాను ఎనక అందుకుంటాను.’’

పెళ్ళి పందిట్లో విస్తరి దగ్గర మర్యాదలు చేసుకుంటున్నట్టు మూడు నిమిషాలూ ఇలాగే గడిచాయి. ‘‘కొట్టుకోండి బాబూ, కొట్టుకోండి!’’ అని అప్పలసూరి ఇద్దరి చుట్టూ తిరుగుతూ బతిమాలాడు. గంట మోగింది. న్యాయనిర్ణేతలు ఇద్దరికీ నూటికి నూరు మార్కులు వేశారు. బాక్సింగ్‌లో అన్ని మార్కులు ఉండవని అప్పలసూరి వాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పి రావాల్సి వచ్చింది.

మూలలో రాణి తండ్రి నోట్లో నీళ్ళు పోస్తూ, ‘‘నాన్నా, సేతులు పైకెట్టు. గెడ్డం దాసుకో. అలగ నిలబడితే పోస్టుడబ్బాలా ఉన్నావు,’’ అంది.

‘‘అమ్మా, ఆయన్ని ఎలాగ కొట్టేది? మర్యాదస్తుడు.’’

‘‘మరి నన్నెందుకు ఆరేళ్ళు నేర్సుకోమన్నావు?’’

రెండో రౌండు మొదలైంది. మొదటి నిమిషం మళ్ళీ మర్యాదల్లోనే పోయింది. ఊరికే నిలబడడం ఇబ్బందిగా ఉండి ధనరాజు ఏదో మాట కలపబోయాడు. ‘‘మీ యమున కూడా బాగానే తయారయినాది నూకయ్యా. యాభై ఒకటిలో పోటీ నేదు కాబట్టి సరిపోతన్నాది.’’

‘‘నలభై ఎనిమిదిలో ఉన్నాదేటి బాబూ పోటీ?’’

‘‘అది వేరు. మా రాణి నిజంగా దిగితే మీ పిల్ల ఒక్క రౌండు నిలబడదు కదా.’’

ఆ మాట ఆయన చెడ్డగా అనలేదు. వర్షం వస్తుందేమో అన్నట్టు అన్నాడు. కానీ నూకయ్య కుడి చెయ్యి ఆయన్ని అడక్కుండానే లేచింది. ముప్పై ఏళ్ళు వలలు లాగిన చెయ్యి. అది వెళ్ళి ధనరాజు ఎడమచెవి మీద, టోపీ పైనుంచి, తడిబస్తా పడ్డట్టు తగిలింది. ధనరాజు రెండడుగులు పక్కకి నడిచి, ఆలోచించుకున్నట్టు ఆగి, వెల్లకిలా పడ్డాడు.

కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు నూకయ్యే హడలిపోయాడు. ‘‘ఒరే! ఒరే లెగరా! దెబ్బ గట్టిగా తగిలినాదేటిరా?’’ అని మీదికి ఉరికాడు.

అప్పలసూరి ఆయన్ని మూలకి నెట్టి, కిందపడ్డ మనిషి మీద వంగాడు. ఈ క్షణం కోసం పదకొండేళ్ళు దిండు మీద సాధన చేశాడు. వేలు చాపాడు. నోరు తెరిచాడు. ఇంగ్లీషు అంకెలు ఒక్కటీ గుర్తు రాలేదు. చిన్నతనంలో కళ్ళంలో తండ్రి కుంచంతో ధాన్యం కొలుస్తూ పాడినట్టు లెక్కపెట్టేవాడు. ఆ గొంతే ఇప్పుడు ఈయన గొంతులోంచి వచ్చింది.

‘‘లాభం... లాభం! రెండు... రెండు! మూడు... మూడు!’’

కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనే మాటలో ఏడుపు ఉంది కాబట్టి అదీ అనరు. అప్పలసూరి ఏ ఆచారమూ తప్పలేదు.

‘‘ఆరు... ఆరు! ఆరున్నొక్కటి... ఆరున్నొక్కటి! ఎనిమిది... ఎనిమిది!’’

ధనరాజు కళ్ళు తెరిచి పైకప్పు రేకుల్ని చూస్తున్నాడు. చెవిలో హోరు. ఆ హోరులోంచి ఎవరో తనను ఒరే అన్నట్టు వినబడింది. తండ్రి పోయాక ఆయన్ని ఒరే అన్నవాళ్ళు లేరు. కూలీలకి బాబు, బ్యాంకులో సారు, బంధువులకి పెద్దాయన. ఎవరన్నారో చూద్దామని లేచాడు. అప్పటికి తొమ్మిది.

వెంటనే జగన్నాధం గారు వీడియో తీస్తూనే రింగులోకి ఎక్కారు. ‘‘అభ్యంతరం! లాభం అనేది సంఖ్య కాదు. అది ఆకాంక్ష. దాన్ని తీసేస్తే, తొమ్మిది అన్నప్పటికి గడిచినవి ఎనిమిదే. పైగా ప్రతి అంకెనూ రెండేసిసార్లు చెప్పారు. ఆ లెక్కన పదహారు.’’ లాభం ఒకటేనని, కాదని గోదాము రెండుగా చీలింది. ఎవరో నియమాల పుస్తకం తీశారు. అందులో ఆరున్నొక్కటి గురించి ఏమీ లేదు.

‘‘ఇంకా అవ్వనేదేటి మీ గోల?’’ అని ధనరాజు రింగులోంచి అరిచాడు. ‘‘నాను లెగిసి నిలబడున్నాను. దిగండి మాస్టారూ! కానీండి!’’

అందరూ ఆయనకేసి చూశారు. మనిషి ముఖం ఎర్రగా ఉంది. చేతులు పైకి ఉన్నాయి. గడ్డం దాచుకుని ఉన్నాడు. ఆయన నూకయ్య దగ్గరికి నడిచి, ‘‘ఇందాక నన్నేటన్నావు?’’ అన్నాడు.

‘‘తప్పయిపోనాది బాబూ. నోరు జారినాది.’’

‘‘ఇంకోసారి బాబూ అన్నావంటే కొడతాను.’’

‘‘అలగంటే ఎలాగ బాబూ...’’

ధనరాజు కొట్టాడు.

ఆ తర్వాత మిగిలిన రౌండున్నరా ఎలా జరిగిందో రాజాంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇద్దరికీ బాక్సింగ్ రాదు. ఒకరు కొడితే ఇద్దరూ తూలేవారు. ఒకరినొకరు పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి, ‘‘ఒరే, ఊపిరి ఆడనేదురా,’’ ‘‘నాకూ ఆడనేదురా,’’ అనుకుంటూ అలా నిలబడిపోయేవారు. అప్పలసూరి మధ్యలో దూరి ‘‘బ్రేక్!’’ అని విడదీసేవాడు. విడదీసినందుకు ఇద్దరూ ఆయన్ని కోపంగా చూసి మళ్ళీ మొదలుపెట్టేవారు. తాయారు బీపీ యంత్రం చేత్తో పట్టుకుని, ‘‘గెడ్డం మీద! గెడ్డం మీద!’’ అని ఎవర్ని ప్రోత్సహిస్తుందో తెలియకుండా కేకలు వేసింది. గంట మోగేసరికి ఇద్దరూ తాడు పట్టుకుని వేలాడుతున్నారు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు నూకయ్యకి, ఇద్దరు ధనరాజుకి ఇచ్చారు. అప్పలసూరి ఇద్దరి మణికట్లూ చెరొక చేత్తో పట్టుకుని రింగు మధ్య నిలబడ్డాడు. ఎడమచేతిలో ఉన్నది ఓడిన మనిషి చెయ్యి. అలాంటిది ఆయన ఎప్పుడూ పట్టుకోలేదు. అది ఎంత వేడిగా ఉంటుందో, నాడి ఎంత గట్టిగా కొట్టుకుంటుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు. నూకయ్య చెయ్యి పైకెత్తాడు గానీ రెండోది వదలడానికి మనసు రాలేదు. ధనరాజే మెల్లిగా విడిపించుకుని బస్తా మీద కూర్చుని, చెవికి ఐసు పెట్టుకున్నాడు.

అప్పుడు రాణి తండ్రి ముందుకొచ్చి నిలబడింది. ‘‘నాన్నా, నన్ను యమునతో ఆడనీ.’’

‘‘ఓడిపోతేనో?’’

‘‘నువ్వు ఓడిపోనావు కదా. ఎలాగున్నాది?’’

ధనరాజు నిజాయితీగా ఆలోచించాడు. ‘‘సెవి నొప్పిగా ఉన్నాది. బాగా ఆకలేస్తన్నాది.’’

‘‘మరింకేటి?’’

ధనరాజు పక్కన కూర్చున్న నూకయ్యకేసి చూశాడు. నూకయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, ‘‘ఆడనీరా. మనవే ఆడినాం,’’ అన్నాడు.

కానీ తీర్మానం అడ్డం ఉంది. కొత్త లెక్క ప్రకారం ఇద్దరూ వేరువేరు తరగతులు, మధ్యలో ఇంకొకటి. అప్పుడు యమున కాటా దగ్గరికి నడిచింది. రాణిని చెయ్యి పట్టి లాగి, ఇద్దరూ కలిసి ఒక్కసారే ఎక్కారు. కాటా తొంభై ఏడు కిలోల ఎనిమిది వందలు చూపించింది.

‘‘దీన్ని రెండు సేసి రాయండి మాస్టారూ,’’ అంది యమున జగన్నాధం గారితో. ‘‘ఇద్దరం సమానమే కదా.’’

జగన్నాధం గారు చార్టు వెనకాల పెన్సిలుతో భాగహారం చేశారు. నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందలు, ఇద్దరికీ. ‘‘సగటు అనేది శాస్త్రీయమైన పద్ధతే,’’ అని ఒప్పుకున్నారు. జీవితమంతా సగటు నేర్పించిన మనిషి కాదనలేకపోయారు.

దాంతో ముప్పై ఏడు తరగతుల తీర్మానం కింద ఇంకో వాక్యం చేర్చారు. ఏ ఇద్దరైనా తమ ఇష్టప్రకారం కలిసి కాటా ఎక్కి బరువును సగం చేసుకోవచ్చు. అలాగైతే నలభైకిలోల పిల్లనీ ఎనభైకిలోల పిల్లనీ కూడా కలిపేస్తారని అప్పలసూరి పట్టుబట్టి, తేడా నాలుగు కిలోలు దాటకూడదని రాయించాడు. ఆ వాక్యం మీద సిరా ఆరేలోపే మగపిల్లలు ఆరుగురు జంటలు జంటలుగా కాటా దగ్గర వరసకట్టారు. ఎవరికి ఎవరు జోడీయో వాళ్ళు ఎప్పట్నుంచో మనసులో అనుకున్నట్టే ఉంది. తరగతుల పునర్వ్యవస్థీకరణ అలా అరగంటలో దానంతటదే అయిపోయింది.

సాయంత్రం ఆరింటికి రాణీ, యమునా రింగులోకి దిగారు. వాళ్ళకి మర్యాదలు చేసుకునే ఓపిక లేదు. అప్పలసూరి నోట్లోంచి ‘‘బాక్స్’’ పూర్తిగా బయటికి రాకముందే రెండు దెబ్బలు పడ్డాయి. ఆ పిల్లలు చప్పుడు లేకుండా, పక్కకి జారుతూ, కళ్ళు ఒకరి మీంచి ఒకరు తియ్యకుండా ఆడుతుంటే అంతవరకూ గోలచేసిన గోదాము మొత్తం నోరు మూసుకుంది. ఏళ్ళ తరబడి అద్దం ముందు గాలినీ, వేలాడే ఇసక సంచినీ కొట్టిన చేతులు. ధనరాజూ నూకయ్యా ఒకే బెంచీ మీద కూర్చుని, ఎవరి పిల్ల మీద దెబ్బ పడినా ఇద్దరూ కలిసి మూలిగారు.

మూడు రౌండ్లయ్యాయి. చీటీలు అప్పలసూరి చేతికి వచ్చాయి. ఆయన రింగు మధ్యకు వచ్చి ఇద్దరి మణికట్లూ పట్టుకున్నాడు. యమున పెదవి చిట్లింది. రాణి కన్ను వాచింది.

‘‘మళ్ళీ ఎప్పుడే?’’ అంది యమున, అప్పలసూరి పొట్ట ముందునుంచి వంగి రాణిని చూస్తూ. ‘‘వొచ్చే ఆదివారం?’’

‘‘ఆదివారం నాకు పరీచ్ఛ ఉన్నాదే. శనివారం.’’

‘‘శనివారం పొద్దున్న బస్సు దొరకదు నాకు.’’

‘‘అయితే సాయంత్రం. మా ఇంట్లో పడుకుని ఆదివారం ఎల్దువు గాని.’’

‘‘మీ అమ్మ ఏటైనా అంటాదేటి?’’

అప్పలసూరి ఇద్దరి చేతులూ పట్టుకుని, ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తూ నిలబడిపోయాడు. చేతిలో చీటీలున్న సంగతే మరిచాడు. ‘‘ఎవులు గెలిసినారో సెప్పండి బాబూ!’’ అని జనం అరుస్తున్నారు. జగన్నాధం గారు వీడియో తీస్తూ, సమయం అయిపోతోందని సైగలు చేస్తున్నారు.

ఆయన రాణి చెయ్యి పైకెత్తాడు. అప్పటికి ఇద్దరూ శనివారం సాయంత్రం నాలుగింటికి ఖాయం చేసుకున్నారు.